అందరిదీ రెండో వంతే

పోయిన వారం మనం సంధ్యారాణిని చెరకు రైతుల సంఘం షెడ్డు గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. పక్కన పెద్దమ్మ అచ్చియ్యమ్మ. లోపల సంఘం ఎన్నిక మొదలవబోతోంది. చేతులెత్తే ఎన్నిక. ప్రెసిడెంటు బంగార్రాజు ముందున్న బల్ల మీద బంతిపూల దండ ఒకటి సిద్ధంగా ఉంది. అది ఎవరి మెడలో పడబోతోందో దండకి కూడా తెలుసు.

మధ్యలో చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. చోడవరం చుట్టుపక్కల చెరకు కొయ్యడానికి కూలీలు దొరక్క, రైతులంతా చందాలు వేసుకుని ఒక కోత మిషను కొన్నారు. మిషను ఒకటి, తోటలు బోలెడు. కాబట్టి వంతులు. ఆ వంతులు నిరుటిదాకా ఈ షెడ్డు గోడకున్న నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసేవారు. ఈ ఏడు బంగార్రాజుకి ఉన్నట్టుండి నవనాగరికత పట్టుకుంది. మనకీ ఒక వెబ్‌సైటు ఉండాలన్నాడు. బస్టాండు దగ్గర కంప్యూటర్ సెంటరు నడుపుకునే సంధ్యారాణి తయారుచేసి ఇచ్చింది. రైతు తన ఫోను నెంబరు కొడితే చాలు, తన వంతు ఎన్నోదో కనిపిస్తుంది. పాస్‌వర్డు బంగార్రాజుకే అప్పజెప్పింది. సంఘం సొత్తు సంఘం చేతిలోనే ఉండాలని ఆ పిల్ల అనుకుంది. మంచిదే. మంచితనానికీ తాళం వేసుకోవాలని ఎవరూ చెప్పలేదు.

తల్లి పోయాక సంధ్యారాణిని పెంచింది అచ్చియ్యమ్మ. ఆవిడకి ఉన్నదల్లా కౌలుకి తీసుకున్న ఒక్క చెరకు తోట. నెల దాటిపోయినా ఆవిడ ఫోను ఒకటే మాట చెబుతోంది: మీ వంతు రెండోది. తోటేమో పూత వేసేసింది. పూత వేసిన చెరకుని అలా నిలబెట్టి ఉంచితే లోపల బెండు కడుతుంది, రసం పోతుంది. ఇంకో వారం ఆగితే గానుగవాడు కూడా బండి వెనక్కి తిప్పేస్తాడు. ఈ వారంలోనే నీ తోట కోయిస్తాను పెద్దమ్మా, నాది పూచీ అని సంధ్యారాణి మాటిచ్చింది. అసలు సంగతేమిటో చూద్దామని పాస్‌వర్డు కొడితే, తను కట్టిన ఇల్లే తనని లోపలికి రానివ్వలేదు. పాస్‌వర్డు మార్చేశారు.

అందుకే ఇక్కడికి వచ్చింది. పొద్దున్న భర్త ఉమామహేష్ వద్దన్నాడు. ఎన్నిక రోజున మనకెందుకు గొడవ అన్నాడు. అయినా వచ్చింది. ఆమె వెనకే అతనూ ట్రాక్టరు వేసుకుని వచ్చి, షెడ్డు ద్వారబంధానికి ఆనుకుని నిలబడ్డాడు.

"ఏటమ్మా సంధ్యా, ఇలాగొచ్చేవు?" అన్నాడు బంగార్రాజు. నోట్లో బెల్లం ముక్క పెట్టుకుని మాట్లాడే రకం. "సంఘంలో నీకు పేరు లేదు కదా. మీ పెద్దమ్మ కూకుంటాది. నువ్వెల్లి నీ పని సూసుకో."

"నాకు ఓటొద్దు బాబాయ్. ఒక్క మాట అడిగి వెళ్లిపోతాను. మా పెద్దమ్మ వంతు నెల నించీ ఒక్కచోటే ఉంది. ఎందుకు కదలడం లేదు?"

"మొదటోడిది పెద్ద తోట. కోస్తన్నారు. ఓపిక పట్టాల."

"ఆ మొదటాయన ఎవరు?"

బంగార్రాజు నవ్వాడు. కుర్చీల్లో ఉన్నవాళ్ల వైపు తిరిగి, "సూడండ్రా, వెబ్‌సైటు సేసింది ఈ గుంటే, అడుగుతన్నాదీ ఈ గుంటే. ఏటంటే ఫోన్లో కనిపిస్తన్నాది కదమ్మా. నల్లబల్ల ఉన్నప్పుడు బోర్డు మీద రాసేవోళ్లం, ఇప్పుడు ఫోను మీద. బోర్డు ఎక్కడన్నా అబద్ధమాడతాదేటి?" అన్నాడు.

కొందరు తలలు ఊపారు. ముందు వరసలో కూర్చున్న కె.కోటపాడు పరదేశి కూడా ఊపాడు. పెద్దమనిషి, నాలుగు ఊళ్లలో మాటున్నవాడు. ఆయన తల ఊపాడంటే మిగతావాళ్లకి అనుమతి దొరికినట్టే. సంధ్యారాణికి వెనక్కి తిరిగి వెళ్లిపోవాలనిపించింది. పక్కన పెద్దమ్మ మాత్రం కదల్లేదు.

"అది బోర్డు కాదు బాబాయ్" అంది.

"మరేటి?"

"బస్టాండులో మాడుగుల బస్సు టైములు రాసిన బోర్డుంది కదా. నువ్వు చూసినా, పరదేశి మావయ్య చూసినా ఒకటే టైము. చూసేవాడెవడో ఆ బోర్డుకి తెల్దు, తెలియక్కర్లేదు. మామూలు వెబ్‌సైటంటే అదీ. రేషను డిపోలో వేలిముద్ర మిషను అలాగ కాదు. నువ్వెవరో ముందు అడుగుతాది. మావయ్య వేలు పెడితే మావయ్య బియ్యం లెక్క చెప్తాది, నేను పెడితే నా లెక్క చెప్తాది. అడిగి, గుర్తుపెట్టుకుని, మనిషికో జవాబిస్తాది. నేను మీకు చేసిచ్చింది అలాంటిది. దాన్ని వెబ్ అప్లికేషన్ అంటారు. ఫోన్లో చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి, అందుకే మీరు బోర్డనుకుంటన్నారు."

"అయితే ఏటంటావమ్మా?" అన్నాడు పరదేశి. ఆయన గొంతులో కోపం లేదు, అనుమానమూ లేదు. నిజంగానే అడిగాడు.

"మావయ్యా, నీ ఫోన్లో నువ్వు చూసే పేజీ పెద్దమ్మ ఫోన్లో ఉండదు. నువ్వు నెంబరు కొట్టేక, నీకోసమే అప్పటికప్పుడు తయారవుతాది. నల్లబల్ల మీద ఒకడి పేరు చెరిపి పైకి రాస్తే పదిమందీ చూసి అడుగుతారు. ఇక్కడ ఒక్కొక్కడి చెవిలో ఒక్కో మాట చెప్పొచ్చు. పక్కవాడికి తెల్దు."

షెడ్డులో గుసగుసలు మొదలయ్యాయి. బంగార్రాజు గొంతు సవరించుకున్నాడు.

"ఇంజనీరింగు సదువుకున్న పిల్ల, మాటలకేటి కొదవ. వంతులు నానెయ్యడం లేదమ్మా. కంప్యూటరే లెక్కగట్టి ఏస్తాది. అలాగని నువ్వే సెప్పేవు."

"చెప్పేను. ఆ లెక్కని పక్కకి నెట్టి చేత్తో మార్చుకునే వీలు కావాలని నువ్వడిగేవు. ఎవరింట్లోనన్నా చావొస్తే వంతు జరపాలి కదా అన్నావు. నిజమే కదాని పెట్టేను. అందరి వంతులూ అందరికీ కనిపించే పేజీ కూడా ఒకటి చేసేను. ప్రైవసీ అన్నావు. తీసేసేను."

ఆ తలుపు తనే పెట్టింది, ఆ కిటికీ తనే మూసింది. రాత్రంతా నిద్ర పట్టనివ్వనిది అదే. కంచే చేను మేస్తే అని ఊరికే అన్నారా పెద్దవాళ్లు? కాకపోతే ఈ కంచె తను అల్లినది.

"మాటలెందుకు. మీ ఫోన్లు తీయండి. అందరూ మీ వంతు పేజీ తెరిచి, ఈ బల్ల మీద పక్కపక్కన పెట్టండి. నేను తప్పు చెప్తే అందరి ముందూ క్షమాపణ అడిగి వెళ్లిపోతాను."

ఇదుగో, ఇక్కడ ఒక విచిత్రం జరిగింది. ఇంతసేపూ గుసగుసలాడినవాళ్లు చప్పున నోళ్లు మూసుకున్నారు. చేతులు జేబుల మీదకి వెళ్లాయి, కానీ ఫోను తియ్యడానికి కాదు, దాచుకోవడానికి. ఒకాయన చొక్కా సర్దుకున్నాడు. ఒకాయన సిగ్నలు లేదన్నాడు. మడుగులో పడుకున్న గేదెల్ని తోలినట్టు తోలితే తప్ప కదిలేలా లేరు. సంధ్యారాణికి అర్థం కాలేదు. వీళ్ల తోటలే కదా ఎండుతున్నది?

మన ప్రాంతంలో మంచి కబురు వస్తే ముందు నోరు మూసుకుంటాం. పక్కవాడికి తెలిస్తే దిష్టి తగులుతుందని ఒక భయం, వాడూ వెళ్లి అదే అడుగుతాడని ఇంకో భయం. ఈ సంగతి ఇంజనీరింగులో చెప్పరు. బంగార్రాజుకి మాత్రం పుట్టుకతో తెలుసు.

"సూసేవా, ఎవుడికీ ఇష్టం లేదు" అన్నాడు బంగార్రాజు దండ పక్కకి జరుపుతూ. "ఎవుడి వంతు ఆడి సొంతం. కూకోండి, ఎన్నిక మొదలెడదాం."

అప్పుడు అచ్చియ్యమ్మ ముందుకొచ్చింది. బొడ్లో దోపుకున్న సంచిలోంచి ఫోను తీసి సంధ్యారాణి చేతికిచ్చింది. "తెరమ్మా" అంది. సంధ్యారాణి నెంబరు కొట్టింది. ఓటీపీ వచ్చింది, అదీ కొట్టింది. పేజీ తెరుచుకుంది. అచ్చియ్యమ్మకి అక్షరాలు రావు, అంకెలు మాత్రం వచ్చు. ఫోను తీసుకెళ్లి దండ పక్కన పెట్టింది.

"నాది రెండు. దాసుకోడానికి నాకేటున్నాది? తోటే పోతన్నాది" అంది.

ఆ మాటకి కనకదుర్గ లేచింది. మగవాళ్లతో సమానంగా సంఘంలో పేరున్న రైతు, ఊరకే లేచే మనిషి కాదు. తన ఫోను తెరిచి అచ్చియ్యమ్మ ఫోను పక్కన పెట్టింది. పెట్టి, రెండింటినీ మార్చి మార్చి చూసింది.

"నాదీ రెండే" అంది మెల్లిగా.

పరదేశి లేచాడు. తన ఫోను తెరిచి ఆ రెండింటి పక్కన పెట్టాడు. అదీ రెండే. తర్వాత ఇక ఎవర్నీ పిలవక్కర్లేకపోయింది. బల్ల చుట్టూ మూగారు. ఒకరి భుజం మీంచి ఒకరు ఫోన్లు పెట్టారు. బల్ల నిండిపోయింది. కొత్త ఫోన్లు, పగిలిన ఫోన్లు, పిల్లల బొమ్మలు అంటించిన ఫోన్లు. అన్నింట్లోనూ అదే పచ్చరంగు పేజీ. అన్నింట్లోనూ అదే వాక్యం. మీ వంతు రెండోది.

సిగ్గేసినప్పుడు జనం చాలా నెమ్మదిగా ఊపిరి తీస్తారు.

"పరదేశీ, నీ ఒక్కడి కోసమే పైకి జరిపేను, ఎవుడికీ సెప్పకు అన్నాడు బంగార్రాజు" అన్నాడు పరదేశి, ఎవరి మొహమూ చూడకుండా. "నాకేదో గొప్ప మేలు సేసేడనుకున్నాను. నోరు మూసుకున్నాను."

"నాకూ అదే మాట సెప్పేడు" అంది కనకదుర్గ. "వొట్టు కూడా ఏయించుకున్నాడు."

వెనకనించి ఇంకెవరో అన్నారు, నాకూనని. ఆ తర్వాత లెక్కపెట్టడం అనవసరం. ఊరంతటికీ ఒకే రహస్యం చెప్పి, ఎవరికి వాళ్లు అది తమ సొంతమని దాచుకునేలా చేసిన బంగార్రాజుని మెచ్చుకోవాలో తన్నాలో నాకే తెలియడం లేదు. ఎన్నిక దాకా అందరూ సంతోషంగా ఉండాలి, చేతులు ఎత్తాలి. ఆయనకి కావలసింది అంతే.

సంధ్యారాణి గుండెల మీంచి బరువు దిగింది. ఇప్పుడు మిషను పెద్దమ్మ తోటకి రాకుండా ఎవరాపుతారు? కానీ ఆ నెమ్మది ఎంతోసేపు నిలవలేదు.

బంగార్రాజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "కంప్యూటరులో ఏదో తప్పొచ్చినట్టున్నాది. నాకేటి తెలుసు, నాను సదువుకున్నోడినా? సేసింది ఎవులు? ఆ గుంటే కదా. అడగండి మరి."

ఆడలేక మద్దెల ఓడు అన్నాడట. అయినా ఆ మాటకి సగం తలలు సంధ్యారాణి వైపు తిరిగాయి. కోపం వచ్చినప్పుడు జనానికి దగ్గరున్నవాడే దొరుకుతాడు.

అచ్చియ్యమ్మ బల్ల మీదికి వంగి, ఒక్కో ఫోనూ చూస్తూ చివరిదాకా నడిచింది. తలెత్తి, "అందరూ రెండోవోళ్లే అయితే, మొదటోడెవుడు?" అంది.

చిన్నపిల్లలడిగే ప్రశ్న. ఇందాక సంధ్యారాణి అడిగితే నవ్వులో కొట్టుకుపోయింది, ఆ తర్వాత షెడ్డులో ఇంతమంది ఉండి ఎవరికీ తట్టలేదు. మిషను ఖాళీగా నిలబడి లేదు కదా. రోజూ ఎక్కడో కోస్తూనే ఉంది.

"నిన్న మాడుగుల నించి బస్సులో వస్తన్నాను" అంది కనకదుర్గ. "రోడ్డు పక్క పెద్ద తోట. మన మిషను అక్కడ కోస్తన్నాది. సెరకు ఎత్తుతన్న ట్రాక్టరు ఎవులిదో నాను పోల్చుకున్నాను. ఉమామహేష్ బాబూ, అది నీది కాదేటి?"

అందరూ ద్వారం వైపు చూశారు. ఉమామహేష్ సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు.

"కిరాయికి పిలిచేరు, వెళ్లేను. తోటెవుడిదో నాకెందుకక్కా?"

బంగార్రాజు ఆ సందు వదల్లేదు. "సూసేరా. మొగుడు ట్రాక్టరు తిప్పుతాడు, పెళ్లాం కంప్యూటరు తిప్పుతాది. మధ్యలో నాను దొంగని."

సంధ్యారాణికి ఒళ్లు మండిపోయింది. తనని అంటే పడేది. పొద్దున్న లేచి పొద్దుపోయేదాకా ఎండలో లోడ్లు తోలే మనిషిని అంటుంటే ఎలా ఊరుకోవడం? పెళ్లయిన దగ్గర్నించీ ఒకరి సొమ్ము ఆశించని మనిషి. ఈ గొడవలోకి ఆయన్ని లాగింది తనే. వద్దని చెబితే వినకుండా వచ్చింది కూడా తనే.

"మాకు మాడుగులలో జానెడు నేల లేదు బాబాయ్" అంది. "నోటితో చెప్పను, చూపిస్తాను. సంఘంలో పేరు లేని నెంబరు కొడితే ఇది లోపలికే రానివ్వదు. మీ నెంబరు మా దగ్గర లేదని చెప్పేస్తాది. పేరున్నవాళ్ల ఫోనుకి మాత్రమే ఓటీపీ పంపిస్తాది. ఇప్పుడే మీ అందరి ముందూ మా ఆయన నెంబరు కొడతాను. పరదేశి మావయ్యా, నువ్వు దగ్గరుండి చూడు."

"సంధ్యా" అన్నాడు ఉమామహేష్. "ఒద్దు. ఇంటికి పద."

"ఉండండి. ఒక్క నిమిషం."

ఆ గొంతులో ఉన్నది అవమానమనుకుంది. పదిమందిలో నెంబరు కొట్టి చూపించడం ఏ మగవాడికి బావుంటుంది? ఇంటికెళ్లాక సర్దిచెప్పుకోవచ్చు. తన ఫోనులో పేజీ తెరిచింది. ఆ నెంబరు ఆమె కళ్లు మూసుకుని కొట్టగలదు. కొట్టింది. పరదేశికి కనిపించేలా ఫోను కొంచెం వంచి, బటను నొక్కింది. చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది.

"చూడు మావయ్యా, ఇప్పుడు లేదని వస్తాది."

ద్వారం దగ్గర, ఉమామహేష్ చొక్కా జేబులో ఫోను మోగింది. కాల్ కాదు. మెసేజ్ వచ్చినప్పుడు మోగే ఒక్క చిన్న చప్పుడు.

ఉమామహేష్ జేబులో చెయ్యి పెట్టలేదు. తేలు కుట్టిన దొంగలా అలాగే ఉండిపోయాడు. సంధ్యారాణి నవ్వబోయింది. వేరే ఏదో మెసేజ్ అయి ఉంటుందని అనబోయింది. ఈలోగా ఆమె చేతిలోని ఫోను, మీకు పంపిన ఓటీపీ ఇక్కడ కొట్టండి అని అడిగింది. తను స్వయంగా రాసిన వాక్యం అది.

పరదేశి వెళ్లి ఉమామహేష్ జేబులోంచి ఫోను తీశాడు. అతను అడ్డు చెప్పలేదు. పరదేశి తిరిగొచ్చి అంకెలు ఒక్కొక్కటే చదివాడు. సంధ్యారాణి వేళ్లు ఎవరివో అయినట్టు కొట్టాయి. పచ్చరంగు పేజీ తెరుచుకుంది.

అచ్చియ్యమ్మ తొంగిచూసింది. "ఒకటి" అంది. అంకెలు వచ్చు కదా ఆవిడకి. "పైనేటి రాసుంది? సదువమ్మా."

సంధ్యారాణి చదవలేకపోయింది. కనకదుర్గ ఫోను తీసుకుని అందరికీ వినిపించేలా చదివింది. "రైతు పేరు ఉమామహేష్. తోట మాడుగుల. మీ వంతు మొదటిది."

బంగార్రాజు వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు. ఆయన అనవలసిన పని అయిపోయింది. సంధ్యారాణి ఆ పేజీ వంకే చూస్తోంది. ఆ తోట ఎవరిది? ఆ పేరు ఎవరు ఎక్కించారు? ఇన్నాళ్లూ ఒక కంచంలో తిన్న మనిషి, పెద్దమ్మ తోట ఎండిపోతుంటే రోజూ చూస్తూ కూడా నోరు మెదపలేదా? ఏడుపు వచ్చింది, కానీ ఇంతమంది ముందు ఏడవడానికి కూడా ధైర్యం చాలలేదు.

అచ్చియ్యమ్మ ఉమామహేష్ వంక చూడలేదు. సంధ్యారాణి ముందుకొచ్చి నిలబడింది.

"ఈ కంప్యూటరు సదువు నీది. ఆ మనిషి నీ మనిషి. నీకేటీ తెల్దని నువ్వంటే నాను నమ్ముతాను, నా సేతుల మీద పెరిగేవు కాబట్టి" అంది. "ఈళ్లెందుకు నమ్ముతారమ్మా?"

సంధ్యారాణి నోరు తెరిచింది. ఆ ఒక్క మాటకి జవాబు చెప్పగలిగిన మనిషి కోసం ద్వారం వైపు తిరిగింది. అక్కడ ఎవరూ లేరు. బయట ట్రాక్టరు స్టార్టయిన చప్పుడు వినిపించింది.